మెట్టులో తడి

ఒంగోలు,
29 జూన్ 2025

నాతో మాట్లాడనని పంతం పట్టిన మా అన్నయ్య మార్కుకి,

నీ చెల్లెలు ఫెబా వందనాలు. నాన్న జ్ఞాపకార్థ కూడికలో పాస్టరుగారూ చుట్టాలూ చూస్తుండగా "ఇక నీతో నాకు మాటల్లేవు" అన్నావు. ఆ తర్వాత నేను చేసిన ఫోను ఒక్కటీ ఎత్తలేదు. మాట్లాడనన్నావు గానీ చదవనని అనలేదు కదా, అందుకే ఈ ఉత్తరం. పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటరులో అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది.

విషయం మన గొడవ కాదు. నువ్వు మా రొయ్యల ఫ్యాక్టరీకి చేసిచ్చిన ఫైబర్ మెట్ల స్టాండ్లు. ఇనుము అయితే ఉప్పునీళ్ళకి తుప్పు పడుతోందని, మా అన్న ఫైబర్‌వి బ్రహ్మాండంగా చేస్తాడని మేనేజరుగారికి చెప్పి ఆ పని నీకు ఇప్పించింది నేనే. వచ్చిన కొత్తలో అందరూ మెచ్చుకున్నారు. నేనూ కాలరెగరేశాను. ఇప్పుడు వాటిని చూస్తే నాకు భయంగా ఉంది.

మా కోల్డు రూములో ఇరవై డిగ్రీల మైనస్సు చలి. రొయ్యల అట్టపెట్టెలు పై అరల్లో సర్దాలంటే ఆడవాళ్ళు నీ మెట్లెక్కాలి. పని అయ్యాక స్టాండ్లని బయటికి లాక్కొచ్చి వేణ్ణీళ్ళతో కడిగి, మళ్ళీ లోపలికి తోస్తారు. అలా కడిగేటప్పుడు పై మెట్లలోంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తోంది. దగ్గరికెళ్ళి చూశాను. నీలం రంగు కింద సన్నటి తెల్లగీతలు, వెంట్రుకల్లాగా.

నా షిఫ్టులో ఎక్కేది ఎవరో నీకు తెలుసు. మీ షెడ్డు పక్కన లారీ బాడీలు కట్టే ఖాజావలి అన్న కూతురు జమీలా. అది ఎక్కుతుంటే కింద నిలబడి స్టాండు పట్టుకుంటున్నాను. మేనేజరుగారికి చెబితే "చేసినవాడు బాగాలేదంటే ఆపేద్దాం, రాయించుకురామ్మా" అన్నాడు. కాబట్టి ఒక్క ముక్క రాసి పంపు. "నేను వచ్చి చూసేదాకా వీటిని ఎవరూ ఎక్కొద్దు." అంతే. ఇంకేమీ అడగను.

అమ్మ చేతులు ఎలా ఉన్నాయి? కూడిక రోజు అరచేతులు ఎర్రగా కంది, గోక్కుంటూ కూర్చుంది. అది గాజుపీచు దురద అని నాకు తెలుసు. డెబ్బై ఏళ్ళ మనిషిని షెడ్డులో పనికి పెట్టావా అని ఆ రోజు అడిగాను, ఇప్పుడూ అడుగుతున్నాను. నా దగ్గరికి పంపమంటే నీకెందుకంత రోషం?

వదినకి వందనాలు. జమీలా నీకు సలాం చెప్పమంది.

నువ్వు వద్దన్నా నీ చెల్లెలే,
ఫెబా


చిలకలూరిపేట,
4 జూలై 2025

ఫెబాకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో అక్షరాలు కనపడలేదు.

నేను రెండు పొరలుగా పోసిన మెట్లు అవి. పొద్దున గాజుపీచు పరిచి రెసిన్ జిగురు పోసి ఒక పొర, అది గట్టిపడ్డాక మధ్యాహ్నం ఇంకో పొర. హైవే మీద నడిచే సగం లారీల నెత్తిన నా ఫైబరే ఉంది. ఎండకి ఎండి, వానకి తడిసి, గుంటూరు మిర్చి బస్తాలతో ఊళ్ళకి ఊళ్ళు తిరిగొస్తోంది. ఒక్కడు కూడా వెనక్కి తెచ్చి "మార్కూ, చప్పుడొస్తోంది" అనలేదు.

నీ స్టాండ్లు పంపేముందు ఏం చేశామో తెలుసా? పై మెట్టు మీద రెండు మిర్చి బస్తాలు వేశాం. వాటి మీద నేనూ ఖాజావలి అన్నా ఎక్కాం. ఆయన వంద కిలోల మనిషి. ఎక్కి ఊరుకోలేదు, గెంతాడు. "మా పిల్ల ఎక్కే మెట్లురా మార్కూ, గట్టిగా చూడనియ్" అని పెళ్ళి ఊరేగింపులో గెంతినట్టు గెంతాడు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. మెట్టు కిమ్మనలేదు. ఇప్పుడు నీకు వెంట్రుకలు కనపడ్డాయా?

మీవాళ్ళు చక్రాల బళ్ళతో గుద్దుతున్నారు, రంగు బీటలు వారింది, అంతే. బాగాలేదని నా చేత్తో నేను రాసివ్వాలా? రేపు పేటలో ఎవడైనా నాకు పని చెబుతాడా? నువ్వడిగిన ముక్క రాయను. నా షాపు కాగితం మీద వేరే ముక్క రాసి పంపుతున్నాను. "పదేళ్ళ దాకా ఈ మెట్లకి నాదే పూచీ." మీ మేనేజరుకి ఇవ్వు.

ఇక అమ్మ సంగతి. ఆమె షెడ్డులో నవారు మంచం మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తుంది. ఒక పుల్ల ఇటు తీసి అటు పెట్టదు. రెసిన్ వాసన పడదు, మందుతో పని, ముట్టుకోవద్దని ఒకసారి గట్టిగా కసిరాను కూడా. చేతుల దురద బట్టల సబ్బుది. సబ్బు మార్చాం. నాన్న పోయాక అమ్మని పస్తులు పెట్టి పని చేయించుకుంటున్నానని అందరి ముందూ అన్నదానివి, నీతో నాకేం మాటలుంటాయి?

ఇక్కడ వాన లేదు. పత్తి గింజలు పెట్టినవాళ్ళు పొద్దున లేచి మబ్బుల్ని తిడుతున్నారు.

ఉంటాను,
మార్కు


ఒంగోలు,
13 జూలై 2025

అన్నయ్యకి,

నీ పూచీ కాగితాన్ని మేనేజరుగారు కోల్డు రూము తలుపు మీద అంటించాడు. నేను నోరు తెరిస్తే చాలు, వేలు పెట్టి దాన్ని చూపిస్తున్నాడు. "మీ అన్నాచెల్లెళ్ళ పంచాయితీ ఇంటి దగ్గర చూసుకోండమ్మా, రొయ్యల మీద రుద్దకండి" అంటున్నాడు. నీకు సంతోషమేనా?

కోపం పక్కన పెట్టి విను. రంగు బీటలు కాదు అవి. మూడో స్టాండు పై మెట్టుని బొటనవేలితో నొక్కితే లోపల ఏదో కదిలినట్టు మెత్తగా ఉంటోంది. నువ్వు ఎండలో పెట్టి చూశావు, బరువు పెట్టి చూశావు. చలిలో పెట్టి చూడలేదు. నిరుడు వదిన గాజుసీసా నిండా నీళ్ళు పోసి ఫ్రీజర్లో పెట్టి మరిచిపోతే ఏమైంది? పొద్దున తలుపు తీస్తే ముక్కలు. నీళ్ళు గడ్డకడితే ఉబ్బుతాయి. ఇక్కడ మెట్టు లోపలికి నీళ్ళు ఎటునుంచో చేరి, రోజూ గడ్డకట్టి, రోజూ కరిగి, మళ్ళీ గడ్డకట్టి, గాజుపీచుని రెసిన్ నుంచి కొంచెం కొంచెంగా ఊడదీస్తున్నాయని నా అనుమానం. నీళ్ళు ఎటునుంచి చేరాయో మాత్రం అర్థం కావడం లేదు. మేకుల రంధ్రాలు మైనం పెట్టినట్టు మూసే ఉన్నాయి. నీ పని శుభ్రంగానే ఉంది అన్నయ్యా, కాదనడం లేదు.

మా పిల్లల్ని మూడో మెట్టు దాటొద్దన్నాను. పై అరలు ఎవరు సర్దుతారని మేనేజరు అరిచాడు. పోనీ నేనే ఎక్కుతానని ఎక్కితే జమీలా నన్ను చెయ్యి పట్టుకుని దింపేసింది. "మా నాన్న గెంతితే విరగనిది నేనెక్కితే విరుగుద్దా అత్తా? నువ్వు మా మార్కు మావయ్య మీద కోపంతో మెట్లని తిడుతున్నావ్" అని నవ్వింది. ఆ గెంతుడు కథ దానికి వాళ్ళ నాన్న ఫోనులో చెప్పాడట. కోల్డు రూమంతా చెప్పుకుని నవ్వుకుంటున్నారు.

నేను వేసుకునే కోటు లోపల కూడా నాకు చెమట పడుతోంది అన్నయ్యా. ఒక్క ముక్క రాయి. లేదా ఒక్క పూట బస్సెక్కి వచ్చి కళ్ళతో చూసిపో. నాతో మాట్లాడక్కర్లేదు, మెట్లతో మాట్లాడి వెళ్ళు.

అమ్మతో ఫోనులో మాట్లాడాను. సబ్బు మార్చినా దురద తగ్గలేదంది. నువ్వేమీ పని చెప్పడం లేదని పదిసార్లు చెప్పింది. పదిసార్లు ఎందుకు చెప్పినట్టు?

ఎదురుచూస్తూ,
ఫెబా


చిలకలూరిపేట,
21 జూలై 2025

చెల్లెమ్మకి,

చలిలో పెట్టి చూడలేదన్నావుగా. పెట్టాను. మీ స్టాండ్ల అంచులు కోసినప్పుడు మిగిలిన ముక్క ఒకటి షెడ్డులో ఉంటే తెచ్చి, మన ఇంటి ఫ్రిజ్‌లో ఐసు గడిలో పెట్టాను. మీ వదిన ఒకటే గోల. చేపలు పెట్టుకునే చోట నీ ఫైబర్ ఏంటని నా అన్నం కంచం విసురుగా పెట్టింది. ఒక రాత్రంతా ఉంచి, పొద్దున తీసి, బండ మీద పెట్టి సుత్తితో కొట్టాను. సుత్తి ఎగిరొచ్చి నా మోకాలికి తగిలింది. ముక్కకి గీత పడలేదు. కుంటుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

అమ్మకి చూపిస్తే తెగ మురిసిపోయింది. "ఆ మెట్లకేం కాదురా, వాటికి నీతోపాటు నాదీ పూచీ. మీ నాన్న పోసిన స్లాబుల్లాగా నిలబడతయ్" అంది. నాన్న తాపీమేస్త్రిగా ఎన్ని ఇళ్ళు కట్టాడో, ఆ స్లాబులన్నీ తడిపింది తన చేతులేనని కథ మొదలుపెట్టి పొద్దుగూకేదాకా ఆపలేదు. అమ్మకి నా పని మీద ఉన్న నమ్మకంలో పావు వంతు నీకుంటే బాగుండేది.

నాకిప్పుడు తెలిసిపోయింది ఫెబా. నీకు మెట్లు కాదు కావలసింది, అమ్మ కావాలి. నా పని పాడైతే, నా షెడ్డు మూతపడితే, "చూశావా, వాడు నిన్ను పోషించలేడు" అని తీసుకుపోవచ్చు. అంతేనా? పదిమందిలో తిట్టకుండా మెల్లగా అడిగి ఉంటే నేనే నాలుగు నెలలు పంపేవాడిని గదా. ఇంత దూరం రావాలా?

నేను రాను. ఆ ముక్క రాయను. ఖాజావలి అన్నకి నీ అనుమానం చెబితే ఆయన పడీపడీ నవ్వాడు. "నేను మళ్ళీ గెంతనా?" అన్నాడు.

వాన పడింది. పొలాలన్నీ ఒక్కరోజులో పచ్చబడ్డాయి. అది రాద్దామనే కూర్చున్నాను, నువ్వు ఇదంతా రాయించావు.

మార్కు


ఒంగోలు,
2 ఆగస్టు 2025

అన్నయ్యా,

జమీలా పడిపోయింది.

ఖాజావలి అన్నకి ఫోను చేసింది నేనే. ఆయన బయల్దేరి వచ్చాడు కాబట్టి నీకూ తెలిసే ఉంటుంది. జరిగింది మాత్రం నేను చెప్పాలి, ఎందుకంటే నేను కిందనే ఉన్నాను.

మూడో స్టాండు. పై మెట్టు. చేతుల్లో అట్టపెట్టె ఉంది. నేను స్టాండు పట్టుకునే ఉన్నాను. నేను పట్టుకున్నది కదల్లేదు, ఊగలేదు. దాని కాలి కింద మెట్టు ఒక్కటే రెండు రేకులుగా విడిపోయింది. పై రేకు దాని కాలితో పాటు కిందికొచ్చింది. ఆ చప్పుడు కర్ర విరిగినట్టు లేదు, గుడ్డ చింపినట్టుంది. అది అరవలేదు. సిమెంటు నేల మీద పక్కకి పడి నా వంక ఆశ్చర్యంగా చూసింది. "మావయ్య మెట్టేనా అత్తా?" అని అడిగింది. దాని పక్కనే కూలబడ్డాను. తుంటి ఎముక విరిగింది, మణికట్టు విరిగింది. ఆపరేషన్ చేయాలంటున్నారు. మళ్ళీ మామూలుగా నడుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమంటున్నారు.

ఇంకో సంగతి. ఆ విరిగిన రేకుని నేను తీసి చూశాను. నీ రెండు పొరల మధ్య ఐసు ఉంది. ఒక చుక్కా రెండు చుక్కలూ కాదు, అప్పడంలాగా పరుచుకుని ఉంది. ఆ ఐసులో గోనెపీచు ఉంది అన్నయ్యా. గోధుమ రంగు గోనెపీచు. మా ఫ్యాక్టరీ మొత్తం వెతికినా ఒక్క గోనెసంచి దొరకదు, ఇక్కడ రానివ్వరు. అది నీ షెడ్డులో నుంచే వచ్చింది.

గాజుపీచు పెట్టాల్సిన చోట గోనెగుడ్డ పెట్టి పైన రెసిన్ పూశావా? నిజం చెప్పు. నాన్న ఒక్క తట్ట ఇసుక ఎక్కువ కలపనివ్వని మనిషి. ఆయన కొడుకువి నువ్వు గోనెలు పెట్టి మెట్లు చేశావా? నేను ఒక్క ముక్క అడిగాను. నెల రోజుల నుంచి ఒక్క ముక్క అడిగాను.

ఫెబా


చిలకలూరిపేట,
6 ఆగస్టు 2025

ఫెబా,

నువ్వు అడిగిన ముక్క ఇదిగో. "నేను చేసిన మెట్లు ఎవరూ ఎక్కొద్దు. వాటిని బయట పడేయండి. మార్కు." ఇది చూపించు. ఇప్పుడు రాసి ఏం లాభమని నువ్వంటావు. నేనూ అదే అనుకుంటూ రాశాను.

బట్టలకోసమని నిన్న ఖాజావలి అన్న ఊరికొచ్చాడు. నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. షెడ్డులోకి వచ్చి అమ్మ మంచం మీద కూర్చున్నాడు. తర్వాత అడిగాడు. "మార్కూ, ఆ రోజు నేను గట్టిగానే గెంతానంటావా?" అంతే అడిగాడు. గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆ మనిషి తన గెంతులో తప్పేమైనా ఉందా అని వెతుక్కుంటున్నాడు.

గోనె సంగతి. నాన్న మీద ఆన, నేను పెట్టలేదు. మనవాళ్ళు ఆన పెట్టకూడదంటారు, అయినా పెడుతున్నాను. గోనె పెట్టి ఫైబర్ చేసే వెధవని కాదు నేను. నీ ఉత్తరం చదివి నాకు పిచ్చెక్కింది. మీ స్టాండ్లతోపాటు పోసిన మెట్టు ఒకటి అదనంగా మిగిలితే షెడ్డు మూల పడేశాను. దాన్ని రంపంతో నిలువునా కోశాను. అంచులు రాయిలాగా ఉన్నాయి. ఫ్రిజ్‌లో పెట్టిన ముక్క ఆ అంచుదే. నడిమధ్యకొచ్చేసరికి రంపానికి తడి తగిలింది. పోసి మూడు నెలలైంది, ఇంకా తడి. వేలు పెడితే రెండు పొరల మధ్య చెమ్మ. అందులో గోనెపీచు, నువ్వు రాసినట్టే. నా చేత్తో పోసిన మెట్టులో నేను పెట్టనిది ఉంది.

నీళ్ళు ఎటునుంచి వచ్చాయి? రాత్రుళ్ళు షెడ్డుకి తాళం వేస్తాను. పగలు అన్నానికి ఇంటికి పోయి ఒక కునుకు తీసి వస్తాను, అంతే. ఆ కాసేపూ అమ్మ షెడ్డులోనే ఉంటుంది, ఎవడైనా వస్తే చెబుతుంది. ఎవరొచ్చారమ్మా అని అడిగాను. ఎవరూ రాలేదంది. నా మీద పగ ఉన్నవాడు ఎవడో చేశాడు. రెసిన్ అమ్మినవాడే నీళ్ళు కలిపాడేమో. మరి గోనె?

ఈ ఊళ్ళో అయితే ఆ తడి పదేళ్ళు అలాగే పడుండేది. ఇక్కడ నీళ్ళు ఎప్పుడైనా గడ్డకట్టాయా? నా లారీ టాపుల్లో, తలుపుల్లో, తొట్లలో ఇంకెన్నింట్లో ఇలా ఉందో దేవుడికి తెలియాలి.

జమీలాని చూడడానికి రానా? రావద్దంటే రాను.

మార్కు


ఒంగోలు,
12 ఆగస్టు 2025

అన్నయ్యా,

ముందు జమీలా సంగతి. ఆపరేషన్ అయింది, తుంటిలో ప్లేటు వేశారు. మణికట్టుకి కట్టు కట్టారు. నిన్న ఒక స్పూను గంజి తాగింది. మావయ్యని తిట్టొద్దని నాకు చెబుతోంది. మూడు నెలలు మంచం దిగకూడదట, ఆ తర్వాత కర్ర పట్టుకుని నిలబెట్టి చూస్తారట. ఖాజావలి అన్న పగలంతా ఉంటున్నాడు గానీ ఆడపిల్ల పనులు ఆయన చేయలేడు, తల్లి లేని పిల్ల. నేను షిఫ్టు అయ్యాక వెళ్తున్నాను.

మిగిలిన స్టాండ్లు బయట పడేయించాను. నీ ముక్క పని చేసింది.

ఇప్పుడు రాసేది కూర్చుని చదువు. వదినని పక్కన ఉండమను.

నిన్న అమ్మకి ఫోను చేశాను. జమీలా కోసం ఉపవాసం ఉండి ప్రార్థన చేస్తున్నానంది. ఏడ్చింది. ఏడ్చి, ఏమందో తెలుసా? ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "వాడు ఎండలకి పోశాడమ్మా ఆ మెట్లు. వేడికి పొగలు కక్కినయ్. ఒక్క పూట తడి సరిపోలేదనుకుంటా. ఈసారి రెండు పూటలా పోస్తాలే. వాడికి చెప్పబాకు, కసురుతాడు."

నేను ఏంటమ్మా పోసేది అన్నాను. "నీళ్ళేనే, ఇంకేంటి" అంది.

ఫోను పెట్టేశాను. మళ్ళీ చేసే ధైర్యం రాలేదు.

నాన్న స్లాబు పోసిన మర్నాటి నుంచీ దాని మీద గోనెలు పరిచి, బిందెలతో నీళ్ళు మోసి, ఎండనివ్వకుండా కాపాడింది అమ్మే కదా. పేటలో అందరి స్లాబులకీ అదే తన కూలిపని. పోసినది ఏదైనా తడిపితేనే గట్టిపడుతుందని ఆ చేతులకి అలవాటైపోయింది. నీ రెసిన్ కూడా పోసేదే. గట్టిపడేదే. చెయ్యి పెట్టనివ్వనంత వేడెక్కేదే. నువ్వు అన్నానికి వెళ్తే, నీ మొదటి పొర ఎండలో బీటలు వారుతుందేమోనని తడిపింది అన్నయ్యా. నువ్వొచ్చేలోపు గోనెలు తీసేసింది. మన ఎండకి పైన క్షణంలో ఆరిపోయి ఉంటుంది. లోపల గాజుపీచు తాగిన నీళ్ళు తాగినట్టే ఉండగా నువ్వు పైన రెండో పొర పోసి మూత పెట్టావు.

నువ్వు అమ్మతో పని చేయించుకుంటున్నావని నేను నిన్ను పదిమందిలో తిట్టాను. అమ్మ పుల్ల కూడా ముట్టుకోదని నువ్వు ఖాయంగా రాశావు. ఇద్దరిదీ తప్పే. ఆ దురద నిజంగా గాజుపీచుదే.

నేను విన్నది పొరపాటు కావాలని కోరుకుంటున్నాను. ఒకరోజు అన్నానికి వెళ్ళినట్టు వెళ్ళి, చాటున నిలబడి చూడు. అమ్మని మాత్రం కసరకు. గోనెలు పెట్టావని నీకు రాసినందుకు నన్ను క్షమించు.

ఫెబా


చిలకలూరిపేట,
18 ఆగస్టు 2025

అమ్మాయ్ ఫెబా,

ఇదంతా ఫోనులో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. ఇది చేరేసరికి అమ్మ అక్కడే ఉంటుంది.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు పొద్దున ఒక తలుపుకి మొదటి పొర పోశాను. "అమ్మా, అన్నానికి పోతున్నా" అని చెప్పి రోడ్డు దాకా వెళ్ళి, తిరిగి ఖాజావలి అన్న షెడ్డులో బాడీ కట్టడానికి వచ్చిన లారీ వెనక నిలబడ్డాను. ఆసుపత్రి డబ్బుల కోసమని ఆ పొద్దునే ఊరికొచ్చిన ఆయన, డబ్బాలో అన్నం తినబోతూ నా వాలకం చూసి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

అమ్మ లేచింది. కొంగు నడుముకి దోపింది. నీళ్ళకుండ కింద ఉన్న గోనెలు తీసింది. అవి కుండ కోసం పెట్టుకుందని ఇన్నాళ్ళూ నేను అనుకుంటున్నాను. బకెట్టులో ముంచి, పిండి, ఫైబర్ మీద పసిపిల్లకి దుప్పటి కప్పినట్టు పరిచింది. అరచేత్తో నీళ్ళు తీసి చిలకరిస్తూ పైకే ప్రార్థన చేస్తోంది. "ప్రభువా, దీన్ని ముట్టుకునే బిడ్డకి ఏమీ కాకుండా చూడు తండ్రీ. ఆ జమీలా పిల్లని లేపి నడిపించు తండ్రీ." అని చిలకరించడం, మళ్ళీ అని చిలకరించడం.

గట్టిగా అరవబోయాను. ఖాజావలి అన్న నా నోరు మూశాడు. విన్నాడు కదా, కూతురి పేరు.

ఆయనే ముందు వెళ్ళాడు. "రాజ్యం పెద్దమ్మా, ఏంటది?" అన్నాడు. అమ్మ దొంగతనం పట్టుబడ్డట్టు నన్ను చూసి, తేరుకుని, ఆయనతోనే చెప్పింది. "వీడికి తెలియదు ఖాజా. తడపకపోతే ఏదన్నా నిలబడుద్దా? నేను సరిగ్గా తడపకబట్టే పిల్ల పడింది. ఇక అట్టా కానీను."

పిల్ల పడింది ఆ నీళ్ళ వల్లేనని అమ్మకి చెప్పకుండా దాచొచ్చు ఫెబా. దాచేద్దామనే అనుకున్నాను. ఇంతలో అమ్మే మూల ఉన్న మెట్టు ముక్కని చూసింది, నేను కోసి పెట్టినది. "దీన్నెందుకు కోశావ్?" అంటూ చేతిలోకి తీసుకుని పొరల మధ్య వేలు పెట్టింది. చెమ్మ తగిలింది. గోనెపీచు వేలికి అంటుకుని వచ్చింది. దాన్ని వెలుగులో పెట్టి చూసింది, తర్వాత ఫైబర్ మీద పరిచిన గోనెని చూసింది.

"ఇది నాదేగా" అంది.

అప్పుడు చెప్పాను. కసరలేదు. నువ్వు చెప్పినట్టే కూర్చుని మెల్లగా చెప్పాను. ఇది సిమెంటు కాదమ్మా, నీళ్ళు తాగి గట్టిపడేది కాదు, ఆ నీళ్ళు లోపలే ఉండిపోయి, అక్కడి చలికి గడ్డకట్టి ఉబ్బి, పొరల్ని విడదీశాయని చెప్పాను. అమ్మకి చాలాసేపు అర్థం కాలేదు. "నీళ్ళు పగలగొడతయ్యా?" అని అడిగింది. "ఇక్కడ కాదమ్మా, అక్కడ" అన్నాను. ఫ్రిజ్‌లో సీసా కథ చెప్పాక అర్థమైంది. ఆ మొహం నేను జన్మలో మరచిపోలేను. నాన్న పోయిన రోజు కూడా అలా లేదు.

"ఖాజా, నీ కూతుర్ని పడేసింది నేనేనట్రా?" అని అడిగింది.

ఆయన బకెట్టు తీసుకెళ్ళి రోడ్డు మీద పారబోసి వచ్చి, అమ్మ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. ఇద్దరూ ఏడుస్తుంటే నేను ఆ తలుపు మీది గోనెలు ఒక్కొక్కటీ తీశాను.

రాత్రి అన్నం ముట్టలేదు. తెల్లారేసరికి రెండు చీరలూ బైబిలూ సంచిలో సర్దుకుని గుమ్మంలో కూర్చుంది. జమీలా మంచం దిగి నడిచేదాకా దాని పక్కనే ఉంటుందట. దానికి తల దువ్వాలి, స్నానం చేయించాలి, ఖాజా వల్ల ఏమవుద్ది అంది. నేను వద్దంటే వినలేదు. మనిద్దరం అమ్మ నా దగ్గర ఉండాలంటే నా దగ్గర ఉండాలని పంతాలకు పోయి నాన్న కూడికని పాడుచేశాం. ఇప్పుడు ఆమె నా దగ్గరా ఉండడం లేదు, నీ దగ్గరా ఉండడం లేదు. నువ్వు షిఫ్టు అయ్యాక అక్కడికెళ్ళి ఇద్దరికీ అన్నం పెట్టు.

నేను వెంట రాలేదు. చీరాల దగ్గర ఐసు ఫ్యాక్టరీకి వేసవిలో రెండు నిచ్చెనలు ఇచ్చాను. వాటినెవరూ ఎక్కొద్దని ఫోను చేసి చెప్పాను గానీ నా కళ్ళతో చూసి విరిచి పారేస్తే తప్ప నాకు నిద్ర పట్టదు. అవి తెచ్చాక ఒంగోలు వస్తాను. జమీలా ముందు నిలబడతాను. ఈలోపు నువ్వు ఫోను చెయ్యి. ఎత్తుతాను.

పొద్దున ఖాజావలి అన్నని తోడిచ్చి అమ్మని ఒంగోలు బస్సు ఎక్కించాను. డెబ్బై ఏళ్ళొచ్చినా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బస్సెక్కే మనిషి. ఇవాళ కింద మెట్టు మీద కాలు పెట్టి ఆగిపోయింది. వెనక జనం తోసుకుంటున్నారు, కండక్టరు ఎక్కమ్మా ఎక్కమ్మా అని అరుస్తున్నాడు. అమ్మ కదల్లేదు. నా వైపు తిరిగి అడిగింది.

"ఒరేయ్ మార్కూ, ఇది ఇనుమేనా?"

మీ అన్నయ్య,
మార్కు